మృదంగం అటక ఎక్కాలా?

మృదంగం కుడివైపు మూత మీద నల్లగా, గుండ్రంగా ఒక పూత ఉంటుంది. మీలో చాలామంది చూసే ఉంటారు. ఇనుము, మాంగనీసు కలిసిన రాతిపొడిని మెత్తటి అన్నంతో మెదిపి, పొర మీద పొరగా రుద్ది ఆరబెడతారు. ఎందుకు? పూత లేని చర్మాన్ని కొడితే పుట్టే ధ్వనుల పౌనఃపున్యాలు 1, 1.59, 2.14 ఇలా పొంతన లేని నిష్పత్తిలో ఉంటాయి. అది మోగుతుంది గాని శ్రుతిలో పలకదు. నల్లపూత బరువు వల్ల మృదంగంలో అవి 1, 2, 3, 4, 5 నిష్పత్తికి దగ్గరగా వస్తాయి, వీణ తీగలో లాగా. ఈ సంగతిని 1920లో 'నేచర్' పత్రికలో ప్రకటించినవారు సి.వి. రామన్, ఆయనతో పనిచేసిన శివకాళి కుమార్. సంగీతం వినే చెవి లేకపోతే రామన్‌కు ఆ ప్రశ్నే తట్టేది కాదని నా నమ్మకం.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, పదో తరగతి పరీక్షలు కాగానే మా ప్రత్తిపాడు వంటి ఊళ్లలో ఏటా ఒక తంతు జరుగుతుంది. పత్తి, మిరప అమ్మిన డబ్బుతో పెద్దవాళ్లు కాలేజీల చుట్టూ తిరుగుతారు. లెక్కలు ఇష్టం, చరిత్ర ఇష్టం, సాయంత్రమైతే మృదంగం ముందు కూర్చునే పిల్లవాణ్ణి "ఏదో ఒకటి తేల్చుకోరా" అంటారు. చివరికి ఎం.పి.సి. తేలుతుంది. పిల్లవాడు హాస్టలుకు, మృదంగం అటక మీదికి వెళతాయి. "రెండేళ్లేగా!" అంటారు.

ఆ రెండేళ్ల మాట దగ్గరే నాకు పేచీ. వేళ్ల నేర్పు వేళ్లలో ఉండదు, మెదడులో ఉంటుంది. రోజూ కొంచెం కొంచెం చేసిన సాధన నిలిచినట్టు, ఎప్పుడో ఒకసారి గంటల తరబడి చేసింది నిలవదు. పదిహేనేళ్లకు ఆపినవాడు పదిహేడేళ్లకు మొదలుపెడితే, ఆపిన చోటి నుంచి మొదలు కాదు. చాలామంది అసలు మొదలే పెట్టరు.

రెండూ సాగవని ఎవరైనా అంటే డాక్టర్ శ్రీపాద పినాకపాణి గారి పేరు చెప్పండి. 1913లో శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టారు. విశాఖపట్నంలో వైద్యం చదివారు, కర్నూలు వైద్య కళాశాలలో ప్రొఫెసరుగా పనిచేశారు. అదే మనిషి కర్ణాటక సంగీతంలో పెద్ద గురువు. వందల కృతులను స్వరపరిచి పుస్తకాలుగా ఇచ్చారు, 1984లో పద్మభూషణ్ అందుకున్నారు. ఆయన శిష్యుడు నేదునూరి కృష్ణమూర్తి గారు విజయనగరం సంగీత కళాశాలలో చదివినవారే. ఆ చదువు చాలదనుకుని 1949లో ఈ డాక్టరు గారి దగ్గర చేరారు. సంగీత కళాశాల విద్యార్థికి వైద్యుడు పాఠం చెప్పడం చూశారా!

అందరూ పినాకపాణులు అవుతారని నేననను. నీట్ రాసి డాక్టరు కావాలనుకునేవారికి ఒత్తిడి నిజమే, సాధన అరగంటకు తగ్గవచ్చు. తగ్గడం వేరు, మానేయడం వేరు.

సంగీతమే బతుకుదెరువు అనుకునేవారికి విజయనగరం కళాశాల ఉంది. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా మొదలైంది. విజయవాడలో ఘంటసాల పేరిట ప్రభుత్వ కళాశాల ఉంది. అయితే మనసు నాలుగు దిక్కులా పోయే పిల్లలు మాత్రం పదిహేనేళ్లకే మిగతా తలుపులన్నీ మూసుకుని అక్కడికి పోనక్కరలేదు. మామూలు కాలేజీలోనే చదవండి. కాకపోతే గురువు ఉన్న ఊళ్లోని కాలేజీ చూసుకోండి. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరం కోసం చిలకలూరిపేటలో ఆదం సాహెబు దగ్గర చేరారు. ఆయన ఊరు ఎంచుకున్నది గురువును చూసి.

ఇక కాలేజీ చూడబోయినప్పుడు గోడమీది ర్యాంకుల ఫొటోలు చూస్తూ నిలబడకండి. అవి ఎవరివో ర్యాంకులు, మీవి కావు. ఆఫీసు గదిలో కూర్చుని అడగండి: సాయంత్రం స్టడీ అవర్ ఎన్నింటికి? మృదంగం హాస్టలుకు తెచ్చుకోవచ్చా? వాయించుకోవడానికి గది ఉందా? ఆదివారం గురువు దగ్గరికి పంపుతారా? లైబ్రరీలో పాఠ్యపుస్తకాలు కాక ఇంకేమైనా ఉన్నాయా? మీ నాన్నగారు మొహమాటపడితే మీరే అడగండి. డబ్బు కట్టేది మీరు, అడగడం తప్పు కాదు.

నవ్వి ఊరుకున్నారనుకోండి, లేచి రండి. గుంటూరు ఇక్కడికి సుమారు ఇరవై కిలోమీటర్లు. బస్సు పాసు తీసుకుని రోజూ వెళ్లి వచ్చే కాలేజీలో చేరితే, చీకటి పడేలోగా మృదంగం ముందు కూర్చోవచ్చు.