నవ్వురాని హాస్యం, విడువరాని నవల

కళాశాల వార్షిక సంచికకు వ్యాసమంటే గాలిబును గురించో, గురజాడను గురించో వ్రాయడం మర్యాద. నేను ఇబ్నె సఫీని గురించి వ్రాయబూనుకున్నాను. ఉర్దూ శాఖలోని పెద్దలు కనుబొమలు ముడుస్తారని తెలుసు. వారిలో కొందరి బల్ల సొరుగులలో ‘జాసూసీ దునియా’ సంచికలు ఉన్న సంగతీ తెలుసు. కనుక ధైర్యం చేస్తున్నాను.

మా ఊరు కుప్పం. బెంగుళూరు నుంచి మద్రాసు వైపు పోయే రైలు మా ఊరి మీదుగానే పోతుంది గనుక, బెంగుళూరు వీధుల్లోని పాత పుస్తకాలు మాకు సులభంగా చేరేవి. మదనపల్లెలో చదువుకునే రోజుల్లో సెలవులకు ఇంటికి వచ్చి తిరిగి వెళ్ళేటప్పుడు నా ట్రంకు పెట్టెలో అడుగున ఇవే ఉండేవి, పైన పాఠ్యపుస్తకాలు. పలమనేరు, పుంగనూరుల మీదుగా బస్సు మదనపల్లె చేరేలోగా ఒక నవల పూర్తయ్యేది. నా చదువంతా తెలుగు మాధ్యమం. ఇంట్లో మాట్లాడేది ‘నక్కో’, ‘హౌ’ అనే మన దక్కనీ. అచ్చులో ఉన్న ఉర్దూను తడబడకుండా చదవగలగడం నాకు ఈ నవలల వల్ల అబ్బిన విద్య. ఏ ఉపాధ్యాయుడూ చేయలేని పని, హంతకుడెవరో తెలుసుకోవాలన్న ఆత్రుత చేసింది.

ఎరుగని వారి కోసం రెండు మాటలు. ఇబ్నె సఫీ అసలు పేరు అస్రార్ అహ్మద్. 1928 జులై 26న అలహాబాదు జిల్లాలోని నారా గ్రామంలో జన్మించి, 1980లో సరిగా తన పుట్టినరోజునే కరాచీలో కన్నుమూశాడు. ఉర్దూలో శృంగారం లేనిదే పుస్తకం అమ్ముడుపోదని ఎవరో సభలో అంటే, కాదని నిరూపించడానికే అపరాధ పరిశోధక నవలకు పూనుకున్నాడని చెబుతారు. 1952 మార్చిలో అలహాబాదు నుంచి ‘జాసూసీ దునియా’ మొదలైంది. 1955లో ‘ఇమ్రాన్ సిరీస్’ వచ్చింది. రెండూ కలిపి రెండు వందలకు పైగా నవలలు. మొదటి దానిలో కర్నల్ ఫరీదీ, కెప్టెన్ హమీద్. రెండవ దానిలో అలీ ఇమ్రాన్. హిందీలోకి పోయినప్పుడు ఫరీదీ వినోద్ అయ్యాడు, ఇమ్రాన్ రాజేశ్ అయ్యాడు. మన తెలుగువారికి కొమ్మూరి సాంబశివరావు ఇచ్చిన యుగంధర్, రాజు జంట ఎటువంటిదో, ఉర్దూవారికి ఫరీదీ, హమీద్ అటువంటివారు.

ఈ నవలలలో లోపాలు లేవని నేను వాదించబోవడం లేదు. మొదటి నవల కథను ఆంగ్లం నుంచి గ్రహించినట్టు రచయితే ఒప్పుకున్నాడు. నెల నెలా వ్రాయవలసి రావడం వల్ల కాబోలు, నూరు పుటలు నింపాదిగా నడిచిన కథ చివరి పది పుటలలో పరుగులు తీస్తుంది. జీరోలాండ్ అనే రహస్య రాజ్యం ఎక్కడున్నదో ఎన్ని నవలలు చదివినా తేలదు. ఇవన్నీ సహింపదగినవే. నాకు మింగుడుపడనిది హాస్యం.

అంతా కాదు. హమీద్ మేకపోతును వెంటబెట్టుకుని తిరగడం నాకిప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. ఇమ్రాన్ వెర్రిబాగులవాడిలా నటిస్తూ అవతలివాడి సహనాన్ని పరీక్షించడం మొదట విసుగనిపించినా, అది ముసుగని తెలిసిన తరువాత ఆ విసుగే రుచిగా మారుతుంది. రహస్య శాఖకు అధిపతి అయిన ఎక్స్‌టూ ఇతడేనని ఎరుగక అతడి కింద పనిచేసేవారే అతణ్ణి మూర్ఖుడంటారు. అది గొప్ప కల్పన. కాని జోసెఫ్ ఉన్నాడు. ఆఫ్రికావాడు, ఇమ్రాన్‌కు అంగరక్షకుడు. అతడి నల్లదనం మీద, తాగుడు మీద, అడవి దయ్యాలంటే అతడికున్న భయం మీద ఎన్ని పరిహాసాలు! ఇక ‘జాసూసీ దునియా’లో ఖాసిం. కొండంత దేహం, అంతులేని ఆకలి, ధనికుడైన తండ్రి, బక్కపలచని భార్య. అతడు నోరు విప్పితే అక్షరాలు తారుమారై వస్తవి. అతడు వచ్చినప్పుడల్లా కథ ఆగిపోయి, తిండి మీద, పొట్ట మీద హాస్యం మొదలవుతుంది.

ఉచ్చారణను చూసి నవ్వడం మరీ విడ్డూరం. ‘ఖాఫ్’ పలకలేమని మన దక్కనీ వారిని ఉత్తరాదివారు ఎన్నడూ వెక్కిరిస్తూనే ఉన్నారు. అటువంటి మనం ఖాసిం పలుకును చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాము!

మనమని అందరినీ కలుపుకోవడం న్యాయం కాదేమో. నా సంగతే చెబుతాను. మదనపల్లెలో మా గదిలో ఆరుగురం ఉండేవాళ్ళం. రాత్రి భోజనమైన తరువాత నేను పైకి చదివేవాణ్ణి, మిగిలినవారు వినేవారు. ఆ ఆరుగురిలో ఒకడు పుంగనూరువాడు, స్థూలకాయుడు. అతడికి ఖాసిం అని పేరు పెట్టింది నేనే. వారం తిరక్కుండా ఆ పేరు తరగతి అంతా పాకింది. భోజనశాలలో వడ్డించేవాడు సైతం ‘ఖాసిం భాయ్‌కి ఇంకో రెండు గరిటెలు’ అనేవాడు. అతడూ నవ్వేవాడు. అతడు నవ్వుతున్నాడు గనుక అతడికి బాధ లేదని మేము తీర్మానించుకున్నాము.

సంవత్సరాంత పరీక్షలకు ముందు అతడు నా దగ్గర అరువు తీసుకున్న నవలలు నాలుగు తిరిగి ఇచ్చాడు. ఊరికి పోయే బస్సులో తెరిచి చూస్తే ఒక్కొక్క దానిలో కొన్ని కాగితాలు కలిపి గుండుసూదితో గుచ్చి ఉన్నవి. ఊడదీసి చూశాను. అన్నీ ఖాసిం ఉన్న పుటలే. మిగిలిన పుటల అంచులలో మాత్రం పెన్సిలు గుర్తులున్నవి: ఫలానావాడే దొంగ అయి ఉండాలి, ఈ ఉత్తరం అబద్ధం, ఫరీదీకి ఈ సంగతి ముందే తెలుసు. అంటే పుస్తకాన్ని అతడు ద్వేషించలేదు. నాకంటె శ్రద్ధగా చదివాడు. తనను కొట్టిన పుటలను మూసిపెట్టి, తక్కిన కథను ఆనందించాడు.

ఈ విషయంలో నేను రెండు వాదాలు విన్నాను. ఆ కాలమే అటువంటిది, ఇప్పటి తూకంతో తూచరాదు అనేది ఒకటి. ఇది నాకు నచ్చదు. ఆ కాలంలోనే పుంగనూరులో ఒకడు గుండుసూదులు గుచ్చుతూ కూర్చున్నాడు గదా! అటువంటి పుస్తకాన్ని చదవడమే తప్పు అనేది రెండవది. ఇదీ నాకు నచ్చదు. షంసుర్రహ్మాన్ ఫారూఖీ వంటి మహా విమర్శకుడు ‘జాసూసీ దునియా’ నుంచి నాలుగు నవలలను స్వయంగా ఆంగ్లంలోకి అనువదించగా, అవి 2011లో చెన్నై నుంచి వెలువడ్డవి. మీర్ కవిత్వానికి నాలుగు సంపుటాల వ్యాఖ్య వ్రాసిన చేయి అది. కాలక్షేపానికి ఆ పని చేసి ఉండడు.

మంచి హాస్యమెట్లుంటుందో తెలియక మాట్లాడుతున్నాననుకోవద్దు. మొక్కపాటి నరసింహశాస్త్రి బారిష్టర్ పార్వతీశం మొగల్తూరు నుంచి బయలుదేరి, దొరసానుల టోపీ కొనుక్కుని, అడుగడుగునా నవ్వులపాలవుతాడు. కాని ఆ కథ చెప్పేది పార్వతీశమే. తన మీద తానే నవ్వుకుంటున్నవాడితో కలిసి మనం నవ్వుతాము. ఖాసింకు ఆ అవకాశం లేదు. అతడి కథ అతడు చెప్పడు. హమీద్ చెబుతాడు, మేము వింటాము. ఇంత తేడా ఉన్నా, పుస్తకం చేతికి వస్తే వదలలేను. 1960 తరువాత దాదాపు మూడేళ్ళు మనోవ్యాధితో కలం పట్టలేని రచయిత 1963లో ‘డేఢ్ మత్‌వాలే’తో తిరిగి వచ్చాడు. అందులోని చురుకుదనం చూస్తే మంచం దిగి వచ్చినవాడు వ్రాశాడని ఎవరనుకుంటారు?

మొన్న వేసవిలో కుప్పంలో పాత పెట్టె తీసినప్పుడు ఆ నాలుగింటిలో రెండు దొరికినవి. గుండుసూదులు తుప్పుపట్టి కాగితంపై ఎర్రటి మరకలు మిగిలినవి. మా మనవడు ఉర్దూ కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. ‘ఈ చిల్లులేమిటి నానా?’ అని అడిగాడు. చెప్పాను. వాడు కాసేపు ఆ చిల్లుల వైపు చూసి, ‘ఆయన చెప్పినవాడేనా దొంగ?’ అన్నాడు. అవునన్నాను. మూడింట రెండుసార్లు అతడు చెప్పినవాడే దొంగ.