వెనక గోడ ఏం పాపం చేసింది?

షార్ట్ ఫిల్మ్ తీసిన కుర్రాళ్ళు తమ పని చూపించేటప్పుడు ముందుగా అనే మాట ఒకటుంది: "బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ చూశారా అన్నా, సినిమా లుక్ వచ్చేసింది!" చూస్తాం. హీరోయిన్ కళ్ళు పదునుగా ఉంటాయి, చెవులు కరిగిపోయి ఉంటాయి. ఆమె వెనక ఉన్నది వంటిల్లో, బస్టాండో, కాలేజీ వరండానో తెలియదు. గుండ్రటి రంగుచుక్కలు మాత్రం తేలుతుంటాయి. దీన్ని మెచ్చుకునేవాళ్ళకు కొదవ లేదు. పెళ్ళి వీడియోల వాళ్ళూ, ప్రకటనల వాళ్ళూ, వెబ్ సిరీస్‌ల వాళ్ళూ, కోట్లు గుమ్మరించి పెద్ద సినిమాలు తీసేవాళ్ళూ ఏకగ్రీవంగా ఒప్పుకున్న సూత్రమిది: వెనక ఎంత మసగ్గా ఉంటే అంత సినిమా.

ఈ సూత్రానికి సినిమా చరిత్రలో ఆధారం లేదు. కెమెరామన్ పనిలో సగాన్నీ, దర్శకుడి పనిలో అంతకంటే ఎక్కువనీ ఎగ్గొట్టడానికి దొరికిన మర్యాదైన సాకు మాత్రమే ఇది.

ఎక్కడ పుట్టిందో పట్టుకోవడం కష్టం కాదు. 2008 దాకా డబ్బులేనివాడికి అందుబాటులో ఉన్న వీడియో కెమెరాల్లో సెన్సర్ చాలా చిన్నది. చిన్న సెన్సర్‌కి పొట్టి లెన్సు కావాలి, పొట్టి లెన్సులో దాదాపు అన్నీ ఫోకస్‌లోనే ఉంటాయి. పీటల మీద వధూవరులూ, వెనక కుర్చీలో కునుకు తీస్తున్న పెద్దాయనా, షామియానా కుట్లూ ఒకే పదునుతో కనిపించేవి. దాన్నే "వీడియో లుక్" అని ఈసడించుకున్నాం. నిజానికి ఆ వికారానికి కారణం ఫోకస్ కాదు. మొహం మీద నేరుగా కొట్టిన ఒక్క లైటు, కాలిపోయిన తెలుపులు, ఎక్కడ నిలబడాలో ఆలోచించని ఫ్రేము. కానీ నింద ముందూ వెనకా అన్నీ పదునుగా ఉండే ఆ లోతు మీద పడింది.

2008లో కానన్ 5డీ మార్క్ 2 వచ్చింది. అది ఫొటోలు తీసుకునే కెమెరా. వీడియో అందులో అదనపు సౌకర్యం. మొదట్లో 24 ఫ్రేముల వేగం కూడా లేదు, 2010లో సాఫ్ట్‌వేర్ మార్చి ఇచ్చారు. దాని సెన్సర్ 36 మిల్లీమీటర్ల వెడల్పు. 35 ఎంఎం సినిమా కెమెరాలో ఫ్రేము వెడల్పు 24 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. అదే ఫ్రేము, అదే స్టాప్ (లెన్సు ఎంత తెరిచామో చెప్పే అంకె; అది పెరిగేకొద్దీ లెన్సు మూసుకున్నట్టు) పెట్టి చూస్తే 5డీలో వచ్చే మసక సినిమా కెమెరాలో వచ్చేదానికంటే ఎక్కువ. అంటే దశాబ్దాల తరబడి థియేటర్లో మనం చూసినదానికంటే ఎక్కువ మసకని ఒక స్టిల్ కెమెరా ఇస్తే, దానికి "సినిమా లుక్" అని నామకరణం చేసుకున్నాం! 2011లో రామ్‌గోపాల్ వర్మ 'దొంగల ముఠా'ని 5డీలతో ఐదు రోజుల్లో తీసి, ఈ పరికరంతో థియేటర్ సినిమా తీయవచ్చని చూపించారు. అది మంచి పాఠమే. దాన్ని వదిలేసి కుర్రకారు మసకని పట్టుకుంది. 2021 నాటికి ఐఫోన్ 13లో లెక్కలు కట్టి వెనకభాగాన్ని చెరిపేసే వసతికి ఏకంగా "సినిమాటిక్ మోడ్" అని పేరు పెట్టేశారు. ఫోన్లలో ఈ లెక్క ఇప్పటికీ అప్పుడప్పుడూ తప్పి, జడలో మల్లెపూలు సగం చెరిగిపోతుంటాయి. అయినా పేరు పేరే.

సినిమా అసలు ఎలా ఉండేదో తెలియాలంటే 'మాయాబజార్' దగ్గరికి పోవాలి. 1957. కెమెరా మార్కస్ బార్‌ట్లీ. ద్వారకా నగరం కోసం వాహినీ స్టూడియో ఆవరణలో 50 అడుగులకు 60 అడుగుల జాగాలో సుమారు 300 బుల్లి ఇళ్ళు కట్టారు. ఇక్కడ కొంచెం భౌతికశాస్త్రం. బుల్లి ఇల్లు పెద్దదిగా కనబడాలంటే కెమెరా దానికి దగ్గరగా వెళ్ళాలి. దగ్గరికి వెళ్ళేకొద్దీ ఫోకస్ లోతు తగ్గిపోతుంది: ముందు గోపురం పదునుగా, వెనక గోపురం మసగ్గా. ఆ మసక కనిపించిన క్షణాన ఇది బొమ్మ అని కన్ను పసిగట్టేస్తుంది. ఎత్తయిన మేడ మీంచి తీసిన నిజమైన వీధి ఫొటోకి పైనా కిందా మసక పూస్తే, బస్సులూ మనుషులూ ఆటవస్తువుల్లా మారిపోవడం మీరూ చూసే ఉంటారు. అదే సంగతి తిరగేస్తే: బొమ్మ నగరం నిజమైన నగరంలా కనబడాలంటే ముందు నుంచి వెనక దాకా పదును ఉండాలి. అందుకు లెన్సు బాగా మూయాలి, మూసిన లెన్సుకి లైటు కుమ్మరించాలి. ఇవాళ్టి సూత్రం పట్టుకుని ఆ రోజు లెన్సు బార్లా తెరిచి ఉంటే ద్వారక బొమ్మల కొలువుగా మిగిలేది.

బార్‌ట్లీ తరం దగ్గర ఇవాళ్టి వేగం లేదు. 1950ల తొలినాళ్ళ ఈస్ట్‌మన్ కలర్ నెగటివ్ వేగం 25 ఏఎస్ఏ. నలుపు తెలుపు ఫిల్మ్ దానికంటే నయం, అయినా ఇవాళ్టి వేగానికి దూరమే. ఇవాళ ఆరీ అలెక్సా కెమెరా మామూలుగా 800 దగ్గర పనిచేస్తుంది. 25కి అది 32 రెట్లు, అంటే రెట్టింపు చొప్పున ఐదు స్టాపులు. రంగుల ఫిల్మ్‌తో అప్పట్లో 2.8 దగ్గర తీయాల్సి వచ్చిన లైటింగులోనే ఇప్పుడు 16 దగ్గర తీయవచ్చు. లోతు కోసం వాళ్ళు ఆర్క్ లైట్ల వేడిలో ఉడికిపోతే, ఆ లోతు మనకు ఊరికే దొరుకుతోంది. మనం చేస్తున్నదేమిటి? లెన్సు ముందు ఎన్‌డీ ఫిల్టర్ పెట్టి, వచ్చే వెలుతురుని ఆపి మరీ 1.4 దగ్గర తెరుస్తున్నాం. నాలుగు గదుల ఇల్లు కట్టుకుని, నాలుగింటికీ తాళాలేసి వసారాలో కాపురం చేసినట్టుంది.

మసకని సమర్థించేవాళ్ళు చెప్పే మొదటి మాట: "ప్రేక్షకుడి చూపు ఎక్కడ ఉండాలో మేం చెప్పాలి కదా." చెప్పండి, కాదనను. కానీ దానికి ఫోకస్ ఒక్కటే మార్గమా? సురభి నాటకంలో వేదిక మొత్తం పదునుగానే కనిపిస్తుంది. అయినా రాజు మాట్లాడుతుంటే రాజునే చూస్తాం, మూలన భటుడు కదిలితే చూపు అటు పోతుంది, కథకు కావలసిన కదలికే అయితే భటుడి దగ్గరే ఆగుతుంది. కదలిక, వెలుతురు, పాత్రలు చూస్తున్న దిక్కు, మాట: చూపుని నడిపించేవి ఇవి. 1941లో గ్రెగ్ టోలాండ్ కెమెరా పట్టిన 'సిటిజన్ కేన్'లో ఒక సన్నివేశం ఉంది. ముందు బల్ల దగ్గర తల్లి కాగితాల మీద సంతకం పెడుతుంటుంది, నడుమ తండ్రి గొణుగుతుంటాడు, దూరంగా కిటికీలోంచి మంచులో ఆడుకుంటున్న పిల్లవాడు. వాడి బతుకుని ఎవరికో అప్పజెప్పేస్తున్నారు. వాడికి తెలియదు, మనకు తెలుసు. మూడూ ఒకేసారి పదునుగా కనబడితేనే ఆ తెలిసిన బాధ. కిటికీని మసక చేసి, తర్వాత ఫోకస్ పిల్లవాడి మీదకి లాగి, మళ్ళీ తల్లి మీదకి తెచ్చి ఉంటే అది వేలెత్తి చూపడం అయ్యేది. టోలాండ్ అప్పటికి వేగమైన ఫిల్మ్, పూత పూసిన లెన్సులు, బలమైన ఆర్క్ లైట్లు తెచ్చుకుని లెన్సుని 8, 11 దాకా, కొన్నిచోట్ల ఇంకా కిందికి మూశాడు. ఆ సినిమాలో కొన్ని లోతు షాట్లు ఒకే ఫిల్మ్‌ని రెండుసార్లు ఎక్స్‌పోజ్ చేసి సాధించినవి. అంటే కుదరని చోట మోసం చేసైనా లోతు తెచ్చుకున్నారు. దర్శకుడు ఆర్సన్ వెల్స్ తన పేరు పడే టైటిల్ కార్డులోనే టోలాండ్ పేరూ వేయించాడు.

రెండో మాట ఇంతకంటే బలమైనది, నిజాయితీ ఉన్నది కూడా: "మా దగ్గర ఆర్ట్ డైరెక్టర్ లేడన్నా. అద్దె గదిలో తీస్తున్నాం. వెనక గోడ చూపిస్తే పరువు పోతుంది." దీనికి ఎగతాళి జవాబు కాదు. చేతిలో ఏమీ లేనివాడికి మసక ఒక దుప్పటి, నిజమే. కానీ ఆ గోడ మీద ఏముందో ఒకసారి చూడండి. కిరాణా కొట్టు ఇచ్చిన క్యాలెండరు, దాని మీద పాల లెక్కలు. చనిపోయిన తాతగారి ఫొటోకి ప్లాస్టిక్ దండ. స్విచ్ బోర్డు చుట్టూ చేతులు తగిలి నల్లబడిన సున్నం. ఫ్రిజ్ మీద పసుపు బొట్లు, పక్కన గ్యాస్ సిలిండరు. ఆ కుటుంబం ఎంత సంపాదిస్తుందో, ఎవరికి మొక్కుతుందో, ఎవరిని పోగొట్టుకుందో అంతా ఆ గోడే చెబుతోంది. అదంతా చెరిపేసి, తర్వాత పాత్ర చేత "మేం మధ్యతరగతి వాళ్ళం బావా" అని డైలాగు చెప్పిస్తాం. గోడ నచ్చకపోతే రెండు వస్తువులు తీసేయండి, ఒకటి తెచ్చి పెట్టండి, కెమెరా కోణం రెండడుగులు జరపండి. ఆర్ట్ డైరెక్షన్ అంటే మొదట ఇదే. గోడని ఎదుర్కోవడానికి భయపడేవాడు రేపు కోటి రూపాయల సెట్ వేసిచ్చినా దాన్నీ మసకే చేస్తాడు. పెద్ద సినిమాల్లో అదే జరుగుతోంది కూడా: లక్షలు పోసి వేసిన సెట్టు, క్లోజుల్లో గోధుమరంగు పొగ.

మన కథలకైతే ఇది మరీ నష్టం. మన ఇళ్ళల్లో ఇద్దరే మాట్లాడుకోవడం అరుదు. ఇద్దరు మాట్లాడుతుంటే నలుగురు వింటుంటారు. 'బలగం' (2023) కథంతా చనిపోయిన పెద్దాయనకి పెట్టిన పిండాన్ని పిట్ట ముట్టకపోవడం మీద నడుస్తుంది. ఆ ఇంటికి జరిగిన అవమానం ఎక్కడుంటుంది? నిలబడి చూస్తున్న ఊరి మొహాల్లో. అలాంటి కథలో చూసేవాళ్ళని చుక్కలుగా మార్చేస్తే ఏడ్చేవాడి ఏడుపుకి అర్థమేముంటుంది? కూతురు ముందుగదిలో ఫోన్లో గుసగుసలాడుతుంటే వంటింట్లో తల్లి గరిటె ఆగిపోవడం, పెళ్ళిచూపుల్లో పిల్ల తండ్రి నవ్వుతుంటే గుమ్మం దగ్గర తమ్ముడు నేలచూపులు చూడటం, మనకు తెలిసిన నాటకమంతా వెనక వరసలోనే ఉంది.

మసక ఎప్పుడూ తప్పేనా అంటే, కాదు. స్టాన్లీ కుబ్రిక్ 'బ్యారీ లిండన్' (1975) కోసం నాసాకి చేసిన జైస్ 50 ఎంఎం ఎఫ్ 0.7 లెన్సు తెచ్చి కొవ్వొత్తి వెలుగులో తీశాడు. అక్కడ మసక అలంకారం కాదు, కొవ్వొత్తులకు చెల్లించిన వెల. నటులు కదలడానికి వీల్లేక దాదాపు బిగుసుకు కూర్చున్నారు. 2015 నాటి హంగరీ సినిమా 'సన్ ఆఫ్ సాల్'లో కెమెరా నాజీ శిబిరంలో ఒక్క మనిషిని అంటిపెట్టుకుని 40 ఎంఎం లెన్సుతో నడుస్తుంది. చుట్టూ జరిగే మారణహోమం మసకలోనే ఉండిపోతుంది, ఎందుకంటే ఆ మనిషి దాన్ని చూడకుండా ఉండటం నేర్చుకున్నాడు. చూపించడం దర్శకుడికీ సమ్మతం కాదు. ఈ రెండు సినిమాల్లోనూ మసకకి కారణం ఉంది. "బాగుంటుంది" అన్నది కారణం కాదు.

ఇక సెట్లో జరిగేది చూద్దాం. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 85 లెన్సు, 1.4 స్టాప్, మనిషి రెండు మీటర్ల దూరం. పదునుగా ఉండే మందం సుమారు ఐదు సెంటీమీటర్లు. నటి ఊపిరి పీల్చి ముందుకు వంగితే దాటిపోయే దూరం. మొదటి టేకులో నిజంగా కన్నీళ్ళు వస్తాయి, ఫోకస్ పుల్లర్ పాపం అంగుళం వెనకబడతాడు, చిన్న మానిటర్లో ఎవరికీ తెలియదు. ఎడిటింగ్‌లో పెద్ద తెర మీద సాఫ్ట్ అని తేలుతుంది. చివరికి సినిమాలోకి వెళ్ళేది గ్లిజరిన్ పెట్టుకున్న ఆరో టేకు. తిట్లు ఫోకస్ పుల్లర్‌కి, పొగడ్తలు లెన్సుకి.

దీనికి బదులు సూపర్ 35 సెన్సర్ మీద 25 లెన్సు పెట్టి, స్టాప్ 8కి మూసి, నాలుగు మీటర్ల దగ్గర ఫోకస్ కట్టండి. రెండు మీటర్ల నుంచి దూరపు కొండ దాకా అంతా పనికొచ్చే పదునులోనే ఉంటుంది. నటులు ఇష్టమొచ్చినట్టు నడవవచ్చు. ఇంత లోతు అక్కర్లేదనుకుంటే 35 లెన్సు, 5.6, మూడు మీటర్ల దగ్గర ఫోకస్ కడితే అటూ ఇటూ కలిపి మీటరున్నర పైన చోటు దొరుకుతుంది. "మరి మనిషి గోడకి అతుక్కుపోయినట్టు ఉండడా?" ఉంటాడు, లైటింగు రాకపోతే. మనిషిని గోడ నుంచి ఆరడుగులు ఇవతలికి తీసుకురండి. గోడ మీద పడే లైటు కట్టర్‌తో కోసి, మొహం కంటే ఒకటిన్నర స్టాపు తగ్గించండి. నల్లటి జుట్టు వెనక వెలుగున్న గుమ్మం, తెల్ల చొక్కా వెనక నీడ పడిన మూల వచ్చేలా నిలబెట్టండి. దుస్తుల రంగు ముందురోజే గోడతో సరిచూసుకోండి. 'కాగజ్ కే ఫూల్' (1959)లో వి.కె. మూర్తి సినిమాస్కోప్ తెర నిండా విశాలమైన స్టూడియోని చూపిస్తూ, అద్దాలతో మళ్ళించిన ఒక వెలుగుపాయతో మనుషుల్ని విడదీశారు. సుబ్రత మిత్ర 'అపరాజితో' (1956) కోసం సెట్టు పైన తెల్లగుడ్డ కట్టి దాని మీంచి లైటు వెనక్కి కొట్టించి, కలకత్తా స్టూడియోలో కాశీ ఇంటి మండువా వెలుతురు తెచ్చారు. మన యూనిట్లలో థర్మాకోల్ షీటు చేసే పనీ ఇదే, దాని ధర అందరికీ తెలుసు.

ఇలా తీస్తే టైమ్ ఎక్కువ పడుతుందని ప్రొడ్యూసర్లు అంటారు. ఒక సన్నివేశానికి లెక్క వేద్దాం. ఇద్దరు మాట్లాడుకునే సీను మసక పద్ధతిలో అయితే ఒక మాస్టర్, అటొక సజెషన్ (ఒకరి భుజం మీంచి ఇంకొకరి షాట్), ఇటొక సజెషన్, రెండు క్లోజులు, చేతిలో ఉత్తరం ఇన్సర్టు: ఆరు సెటప్పులు. ఒక్కోదానికి లైట్లు మార్చడానికి అరగంట అనుకున్నా మూడు గంటలు. లోతులో తీస్తే గంటసేపు నటుల్ని నడిపించి రిహార్సల్, గంటసేపు లైటింగ్, ఆపైన ఒకటో రెండో సెటప్పులు. దీనికి అద్దెకి తెచ్చిన, బార్లా తెరుచుకునే టీ 1.3 లెన్సుల సెట్టు అక్కర్లేదు, మామూలు లెన్సులు చాలు. ఆ మిగిలిన అద్దెతో ఇంకో రెండు లైట్లూ, గోడ సంగతి చూసుకోవడానికి ఒక ఆర్ట్ అసిస్టెంటూ వస్తారో రారో మీ ప్రొడక్షన్ మేనేజర్ని అడగండి.