రాణి మాట ఎవరి భాషలో మిగిలింది?

అశోకుడన్న పేరు ఆయన శాసనంలోనే తొలిసారిగా కనిపించిన ఊరు మస్కి. అంతవరకు ‘దేవానాంప్రియుడు’గానే శాసనాల్లో వినవచ్చిన పాలకుడెవరో 1915లో ఇక్కడి బండ మీది ప్రాకృత శాసనం తేల్చింది. రాతిపై ఒక్క పేరు నిలిచినందుకే దేశచరిత్రలో ఒక చిక్కుముడి వీడింది. మరి, పేరు నిలిచినా మాట నిలవని వారి సంగతేమిటి?

మస్కికి ఉత్తరాన కృష్ణ దాటితే సురపురం. బేడ నాయకుల సంస్థానమది. 1840ల ఆరంభంలో రాజా కృష్ణప్ప నాయకుడు మరణించేనాటికి కొడుకు వెంకటప్ప పసివాడు. పాలన తన చేతిలోనే ఉండాలని తల్లి రాణి ఈశ్వరమ్మ పట్టుబట్టింది. బ్రిటిష్ ప్రతినిధిగా వచ్చిన మెడోస్ టేలర్ మాత్రం రాజు తమ్ముని వైపు నిలిచాడు. 1853 దాకా అక్కడ అధికారం నెరపినవాడు టేలరే. అతని ఆత్మకథ 1877లో ఇంగ్లీషులో వెలువడింది. ఈశ్వరమ్మ గురించి తెలుసుకోగోరేవారు ముందుగా తెరిచేది నేటికీ ఆ పుస్తకమే. అందులో ఆమెపై మన్నన తక్కువ, నింద ఎక్కువ. బాలుడు తనను ‘అప్పా’ అని పిలిచేవాడని టేలర్ మురిసిపోయాడు. తల్లి ఆ పిలుపు విని ఏమనుకున్నదో అతడు రాయలేదు. రాయాలని అతనికి తోచి ఉండదు కూడా. ఆ బాలుడే 1858లో తెల్లవారిపై తిరగబడి ఓడిపోయాడు. శిక్షపడి తరలిపోతూ దారిలో తుపాకీ గుండుకు నేలకొరిగాడు.

ఆఫ్రికాలోని అశాంతి రాజ్యంలో ఇటువంటి స్థితిలోనే నిలిచిన మరొక స్త్రీ యా అశాంతెవా. రాజు ప్రెంపే, అతనితో పాటు ఎజిసు పాలకుడైన ఆమె మనుమడు 1896లో బ్రిటిష్‌వారి చేజిక్కి ప్రవాసం పాలయ్యారు. మనుమని పీఠాన్ని ఆమె కాపాడింది. 1900 మార్చిలో గవర్నరు హాడ్జ్‌సన్ కుమాసికి వచ్చి, తాను కూర్చునేందుకు బంగారు పీఠాన్ని తెమ్మన్నాడు. ఆ జాతి ఆత్మకు ఆటపట్టని నమ్మిన పీఠమది. రాజు సైతం దానిపై కూర్చోడు. పెద్దలు తటపటాయిస్తుంటే, మీరు కదలకుంటే స్త్రీలమే కదులుతామని ఆమె అన్నదట. యుద్ధం సాగింది. ఆమె పట్టుబడి, 1921లో సీషెల్స్ దీవుల్లో కన్నుమూసింది. పీఠం మాత్రం గవర్నరుకు చిక్కలేదు. ఆమె మాటా చిక్కలేదు: కొలువులో తన నుడిలో అన్నది, తన జాతి ఆ నుడిలోనే చెప్పుకున్నది, పాడుకున్నది.

నాయకత్వమంటే కత్తి పట్టడమొకటే అనుకునేవారు ఇక్కడ కాస్త ఆగాలి. బొబ్బిలి మల్లమ్మ బుర్రకథల్లో మిగిలింది, కిత్తూరు చెన్నమ్మ కన్నడ లావణుల్లో మిగిలింది. ఇద్దరి పక్షమూ ఓడిన పక్షమే. అయినా వారిని తెలుసుకోవడానికి మనం శత్రువు దస్తావేజులను ఆశ్రయించనక్కరలేదు. ఈశ్వరమ్మకు ఆ భాగ్యం అంతగా దక్కలేదు.

గద్వాల, ఆలంపురం తాలూకాలు 1956 వరకు రాయచూరు జిల్లాలోనివే. ఈ సీమ జ్ఞాపకాలు తెలుగు, కన్నడ, దక్కనీ ఉర్దూ కలిసిన జ్ఞాపకాలు. తుంగభద్ర కాలువల వెంట క్యాంపుల్లో స్థిరపడిన తెలుగువారికీ ఇప్పుడిది సొంత సీమే. సెలవుల్లో పిల్లలను, కన్నడ మిత్రులను వెంటబెట్టుకొని సురపురం వెళ్ళండి. పెద్దలు రాణి గురించి చెప్పేది ఏ భాషలో చెబితే ఆ భాషలోనే, యాసతో సహా రాసుకోండి. తెలుగు ప్రతి మన కార్యాలయానికి పంపండి. కన్నడ ప్రతిని సురపురంలోనే, చెప్పినవారి చేతికివ్వండి.