శాతం చాలదు, రూపం తెలియాలి
మూలికా సారాల సీసాలపై ‘మొత్తం ఆల్కలాయిడ్లు ఇంత శాతం’ అని ముద్రించే పద్ధతి మంచిదే గానీ, ఆ అంకె ఒక్కటే మందు బలాన్ని చెప్పదు. బెల్లడోనా ఆకులోని హయోసయమిన్ వామభ్రమణ రూపంలో ఉంటుంది. సారం తీసేటప్పుడు వేడి, క్షారం ఎక్కువగా తగిలితే అందులో సగం దాదాపు నిర్వీర్యమైన దక్షిణభ్రమణ రూపంలోకి మారి, మొత్తం అట్రోపిన్ అవుతుంది. తూకం తగ్గదు, ప్రభావం సుమారు సగానికి పడిపోతుంది. సింకోనా బెరడులోని క్వినైన్, క్వినిడిన్‌లదీ ఒకే అణుసూత్రం; మొదటిది మలేరియాకు, రెండోది గుండె లయకు. చిన్న తయారీదారులకు ఏ రూపం ఎంతుందో తేల్చే పరీక్షలు భారమే, కాదనలేం. ఆ విశ్లేషణ బాధ్యతను ప్రభుత్వ ఔషధ ప్రయోగశాలలు తీసుకోవాలి. మూలికను అణువులుగా విడదీసి చూడరాదనేవారు అసలు శాతమే ముద్రించకూడదు; ముద్రిస్తే, అది ఏ ఐసోమర్‌దో, అంటే ఒకే అణుసూత్రం గల రూపాల్లో ఏదో కూడా చెప్పి తీరాలని నియంత్రణ సంస్థలు ఆదేశించాలి.