సముద్రంలో సంబరం, సోయా చేలో నిర్లక్ష్యం

మొన్న ఆఫీసులో లంచ్ టైముకి మా టీములో ఒక మిత్రుడు ఫోన్లో ఒక వార్త చూపించాడు. సముద్రంలో ఒక ఏకకణ నాచు ఉందట. గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చే ఫ్యాక్టరీని ఒంట్లోనే పెట్టుకుందట. "ఇంకేముంది బాస్, దాన్ని తెచ్చి వరిలో పెట్టేస్తే యూరియా లైన్లు ఖతం!" అన్నాడు. టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళందరూ తలలూపారు. నేను ఊపలేదు. సాంబారు చల్లారేదాకా వాదించాను, అయినా కసి తీరలేదు. అందుకే ఈ టపా.

నాకెందుకు ఇంత మంట అంటారా? మాది పెద్దపల్లి దగ్గర పల్లెటూరు, అంటే పాత కరీంనగర్ జిల్లా. 2025 ఆగస్టు, సెప్టెంబరుల్లో తెలంగాణ రైతులు యూరియా కోసం చెప్పులూ, పట్టాదారు పాసుపుస్తకాలూ లైన్లో పెట్టి కూర్చున్న ఫోటోలు మీరూ చూసే ఉంటారు. ఆ లైన్లలో మా బాపు కూడా ఉన్నాడు. తెల్లారగట్ల నాలుగింటికి పోతే మధ్యాహ్నానికి రెండు బస్తాలు దొరికాయి. విచిత్రం ఏంటంటే, యూరియా తయారయ్యే రామగుండం మాకు కూతవేటు దూరం. అక్కడ బొగ్గుతో నడిచిన పాత ఫ్యాక్టరీ 1980లో మొదలై 1999లో మూతపడింది. సహజవాయువుతో నడిచే కొత్తది 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది, సామర్థ్యం ఏడాదికి 12.7 లక్షల టన్నులు. పక్కనే ఫ్యాక్టరీ ఉన్నంత మాత్రాన బస్తా ఇంటికి నడిచిరాదని మా బాపుకి బాగా తెలిసొచ్చింది.

సరే, నాచు సంగతికొద్దాం. వార్త అబద్ధం కాదు. 1998లో జొనాథన్ జెర్ అనే అమెరికా శాస్త్రవేత్తకి పసిఫిక్ నీళ్ళలో ఒక కొత్త బాక్టీరియా డీఎన్ఏ ముక్క దొరికింది. ఆ బాక్టీరియాకి యూసిన్-ఏ అని పేరు పెట్టారు. జపాన్లో క్యోకో హగినో అనే ఆవిడ, అది నివసించే నాచుని ల్యాబులో పెంచడానికి పదేళ్ళకి పైగా తంటాలు పడింది, 300 సార్లకి పైగా సముద్రం మీదికెళ్ళి నమూనాలు తెచ్చింది. చివరికి 2024 ఏప్రిల్లో సైన్స్ పత్రికలో తేల్చిందేంటంటే, అది ఇక విడి బాక్టీరియా కాదు, ఆ నాచు కణంలో ఒక అవయవం. పేరు నైట్రోప్లాస్ట్. నాచు కణం చీలినప్పుడు అదీ చీలుతుంది, తను తయారు చేసుకోలేని ప్రొటీన్లు నాచు నుంచి తెచ్చుకుంటుంది. మన భాషలో చెప్పాలంటే, కాంట్రాక్టు మీద వచ్చినవాడు పర్మినెంటై, సొంత కంపెనీ మూసేసి, ఇక్కడి క్యాంటీన్ మీదే బతుకుతున్నాడు.

ఈ ఆన్‌బోర్డింగ్ కి ఎంత కాలం పట్టిందో తెలుసా? సుమారు 10 కోట్ల సంవత్సరాలు. దాన్ని మనవాడు రెండు స్ప్రింట్లలో వరిలోకి పోర్ట్ చేసేద్దామంటాడు!

నత్రజనిని పట్టడం తేలిక కాదండీ. గాలిలో 78 శాతం అదే, కానీ దాని బంధం మహా గట్టిది. ఫ్యాక్టరీలో అయితే 400 నుంచి 500 డిగ్రీల వేడి, 100 అట్మాస్ఫియర్లకి మించిన ఒత్తిడి కావాలి. బాక్టీరియా మామూలు వేడిలోనే విరగ్గొడుతుంది కానీ, ఒక్కో అణువుకి కనీసం 16 ఏటీపీలు ఖర్చవుతాయి. ఆ ఎంజైముకి ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది కూడా. అంటే ఎవరో ఒకరు తిండి పెట్టాలి, ఆక్సిజన్ నుంచి కాపలా కాయాలి. సహజీవనం అంటే ఉచితం కాదు, ఇచ్చిపుచ్చుకోవడం. ఒక జీన్ కాపీ పేస్ట్ చేస్తే వచ్చేది కాదిది. పరిశోధన జరగాల్సిందే, నేనేమీ అడ్డం చెప్పను. కానీ వచ్చే ఖరీఫ్ కి దాన్ని నమ్ముకోలేం.

అదే 2024లో ఇంకో వార్త వచ్చింది, దాన్నెవరూ ఫార్వర్డ్ చెయ్యలేదు. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ వాళ్ళు అట్లాంటిక్ సముద్రంలో డయాటం అనే మరో రకం నాచులో నత్రజని పట్టే బాక్టీరియాని కనిపెట్టారు. అదెవరి చుట్టమో తెలుసా? కంది, పెసర, సోయా వేళ్ళలో బొడిపెలు కట్టే రైజోబియం చుట్టం! మీరు నోరెళ్ళబెట్టిన సముద్రపు వింతకి దాయాదులు ఆదిలాబాద్ నల్లరేగడిలోనే ఉన్నాయి మహాప్రభో.

మా అక్కని ఆదిలాబాద్ వైపే ఇచ్చాం. బావ పత్తీ, సోయా వేస్తాడు. ఆమధ్య పూత టైముకి వెళ్ళి ఒక సోయా మొక్క పీకి చూశాను.

"ఏం బామ్మర్దీ, చెట్టు పీకుతున్నవ్? కంప్యూటర్ పని సాల్తలేదా?"

"రైజోబియం పట్టించినవా బావా?"

"షాపాయన ప్యాకెట్ ఇచ్చిండు. ఎండల పెట్టి ఉండె, గదే పట్టించిన. ఎందుకైనా మంచిదని యూరియా గూడ ఏసిన."

బొడిపె చిదిమి చూశాను. బాగా పనిచేస్తుంటే లోపల ఎర్రగా, గులాబీ రంగులో ఉండాలి. అక్కడ తెల్లగా, పాలిపోయి ఉంది. ఆశ్చర్యమేముంది? అవి ప్రాణమున్న బాక్టీరియా, ఎండలో పెడితే చస్తాయి. ఇంకా బతికినవి ఉన్నా, యూరియా గుమ్మరిస్తే మొక్క వాటిని పోషించదు. ఊరికే వస్తున్నప్పుడు వెండర్ కి బిల్లు ఎవరు కడతారు?

తప్పు మా బావది కాదు. 45 కిలోల యూరియా బస్తా సుమారు 266 రూపాయలకి ఇచ్చి, దానికోసం మంత్రుల నుంచి కలెక్టర్ల దాకా సమీక్షలు పెడతారు. రైజోబియం ప్యాకెట్ బతికుందా చచ్చిందా అని ఎవరైనా సమీక్ష పెట్టగా విన్నారా? సోయా మన నేలకి కొత్త పంట. కందికి పనికొచ్చే బాక్టీరియా దానికి సరిపోదు, దాని రకం దానికి కావాలి. నీడలో ఉంచిన మంచి సరుకు, బెల్లం నీళ్ళు, విత్తనానికి పట్టించి నీడలో ఆరబెట్టే ఓపిక, ఇంతే పని. సరిగ్గా కుదిరితే సోయా తనకి కావలసిన నత్రజనిలో సగమో, అంతకంటే ఎక్కువో గాలి నుంచే తెచ్చుకుంటుంది.

ఇక "యూరియా విషం, మానెయ్యండి" అనే రెండో బ్యాచ్ ఉంది. వాళ్ళకీ ఒక నమస్కారం. ఫ్యాక్టరీ నత్రజని లేకపోతే ప్రపంచంలో సుమారు సగం మందికి తిండి ఉండదు. కరీంనగర్ వరికి వేళ్ళలో బొడిపెలు లేవు, పత్తికీ లేవు. వాటికి యూరియా కావాలి, టైముకి కావాలి. వరికి ముందు జీలుగో, జనుమో, పెసరో వేసి కలియదున్నితే, పత్తిలో కంది సాళ్ళు వేస్తే కొంత తగ్గుతుంది. తగ్గుతుంది అన్నాను, పోతుంది అనలేదు. లైన్లో పదిమంది తగ్గినా, మా బాపు తెల్లారగట్ల నాలుగింటికి కాక ఆరింటికి లేస్తాడు. నాకు ఆ రెండు గంటల నిద్ర ముఖ్యం.

నైట్రోప్లాస్ట్ మనకి చెప్పే పాఠం "మ్యాజిక్ వస్తోంది, ఆగండి" అని కాదు. ఈ బంధం నిలవాలంటే పోషించాలి అని. నాచు 10 కోట్ల ఏళ్ళు పోషించింది, మనం ఒక ప్యాకెట్ ని నీడలో పెట్టలేకపోతున్నాం.

ఈసారి ఊరికెళ్ళినప్పుడు పొలం ఫోటోలు స్టేటస్ లో పెట్టే ముందు ఒక్క సోయా మొక్క పీకి, బొడిపె చిదిమి చూడండి. గులాబీ రంగు కనిపిస్తే మీ వాళ్ళని మెచ్చుకోండి. తెల్లగా ఉంటే ఆ ప్యాకెట్ అమ్మిన షాపుకి వెళ్ళి, దాన్ని ఎక్కడ పెట్టి అమ్ముతున్నావని అడగండి. ఆ తర్వాత సముద్రం గురించి మాట్లాడుకుందాం.