మన గదికి ఏ సైజు ఫ్యాన్?

కర్నూలు, కడపల్లో ఏప్రిల్ వచ్చిందంటే ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఫ్యాన్ కొనేముందు టేపు పట్టి గది కొలవండి. 8 బై 8 గదికి 900 ఎంఎం, 10 బై 12 బెడ్‌రూమ్‌కి 1200 ఎంఎం సరిపోతుంది. పొడవాటి హాలైతే ఒక పెద్దదాని బదులు రెండు 1200లు మేలు. మిద్దె ఎత్తు తక్కువైతే చిన్న రాడ్ పెట్టించండి, రెక్కలు నేలకు 7 అడుగుల పైనే ఉండాలి.

మామూలు ఫ్యాన్ సుమారు 75 వాట్లు, బీఎల్‌డీసీ 30. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 16 యూనిట్లు మిగులు.

ఒక్క మాట. ఫ్యాన్ గాలిని చల్లబరచదు, చెమటను ఆరబెడుతుందంతే. గదిలోనే 40 దాటితే ఆ గాలి ఒంటికి ఇంకా వేడెక్కిస్తుంది. ఇంట్లో అవ్వా తాతలుంటే ఫ్యాన్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. తడిగుడ్డతో ఒళ్లు తుడవండి, నీళ్లు తాగించండి.