సేవకు గంటల లెక్క చాలునా?

కళాశాల విద్యార్థులు తమ చుట్టునున్న ప్రజలకు సేవ చేయవలెననుట అందఱును అంగీకరించు మాటయే. అది యెట్టి సేవయై యుండవలెననుటయే మనము విచారింపదగిన విషయము.

గాంధీమహాత్ముని శతజయంతి సంవత్సరమగు 1969లో సెప్టెంబరు 24వ తేదీన, 37 విశ్వవిద్యాలయములలో సుమారు 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకము ప్రారంభింపబడినది. ఇందు చేరిన విద్యార్థి రెండేండ్లలో 240 గంటలు సేవ చేయవలెను. ఒక గ్రామమున ఏడు దినములు శిబిరమునందుండవలెను. ఏర్పాటు మంచిదే. కాని గంటలు నిండుటయే సేవయని తలంచువారు పెక్కురు కలరు. ఆ వారమున వీధులూడ్తురు, మొక్కలు నాటుదురు, ఫొటోలు తీయించుకొందురు. ఎనిమిదవనాడు ఆ మొక్కకు నీరు పోయువారెవరు? నాటినవానికి ధ్రువపత్రము దొరకును, మొక్క యెండిపోవును.

నిలుకడగల సేవ యేమి చేయగలదో నెల్లూరు జిల్లా చూపినది. 1990 తరువాత అచట సాగిన అక్షరాస్యతోద్యమమున, చదువుకొన్న యువజనులు జీతము గోరక రాత్రిబడులలో పెద్దలకు అక్షరములు నేర్పిరి. పగలెల్ల కూలిచేసి వచ్చిన స్త్రీలు పలకలు పట్టిరి. సారావలని కీడును గూర్చిన పాఠము చదివి తమ యిండ్ల గతిని చర్చించుకొనిరి. దూబగుంట స్త్రీలు సారా దుకాణముపై తిరుగబడిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపింపగా, 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశమున సారా నిషేధింపబడినది. పాఠము చెప్పినవారు మరల మరల అదే బడికి రాకున్నచో ఆ స్త్రీలు చదువ నేర్చియుందురా?

పరీక్షలుండగా తీరిక యెక్కడిదని కొంద ఱందురు. 240 గంటలను రెండేండ్లకు పంచిన, వారమునకు రెండు గంటలకు కొంచె మెక్కువ మాత్రమే యగును. ఒక సాయంకాలము చాలును. ఆ సాయంకాలము ఎల్లప్పుడు నొక్క పేటకే పోవలెను. ముందుగా అచటివారి నడిగి, వారికి కావలసిన పనినే చేపట్టవలెను. చదువురాని తల్లికి సంతకము నేర్పుటయో, వృద్ధునికి పింఛను దరఖాస్తు వ్రాసిపెట్టుటయో, వెనుకబడిన పిల్లవానికి లెక్కలు చెప్పుటయో కావచ్చును. తాము కళాశాల విడుచునప్పుడు ఆ పనిని క్రింది తరగతివారి కప్పగింపవలెను. పుస్తకమున గంటలకు మారుగా, ఎవరేమి నేర్చిరో, ఎవరికేమి సమకూడెనో వ్రాయవలెను.

ఈ పాఠశాల విడిచి త్వరలో కళాశాలకు పోవు విద్యార్థులారా! మీ చేతికి వచ్చు ధ్రువపత్రమును భద్రపఱచుకొనుడు, తప్పులేదు. కాని మీరు వెడలినపిదప ఆ పేటలో ఏమి మిగిలెనని కూడ ఒక్కసారి పోయి చూడుడు. మీ సేవకు నిజమైన పరీక్ష అదియే.